కూలి నెత్తిన తట్ట, సైన్సు పుస్తకంలో 'పని'

తొమ్మిదో తరగతి సైన్సులో 'పని – శక్తి' అని ఒక పాఠం ఉంది. బలం పెట్టాలి, పెట్టిన బలం దిక్కులో వస్తువు కదలాలి, అప్పుడే దాన్ని పని అంటారని ఆ పాఠం చెబుతుంది. దానికి ఉదాహరణ కావాల్సొస్తే తరతరాల పంతుళ్లకి దొరికేది ఒక్కడే, కూలీ. నెత్తిన బరువు పెట్టుకుని కదలకుండా నిలబడ్డ కూలీ పని చేయనట్టే. అదే బరువుతో చదునైన నేల మీద అర మైలు నడిచినా ఆ బరువు మీద అతను చేసిన పని సున్నా!

ఈ పాఠం చెప్పేటప్పుడు మాలపల్లె, మాదిగపల్లె పిల్లకాయల మొహాలు చూడాలి. వాళ్లమ్మ ఆ పొద్దే చెరువు పూడికలో మట్టి తట్టలు మోయటానికి పోయుంటది. "మరి కూలి ఎందుకిస్తారు సార్?" అని అడిగే పిల్ల ఒకతె ఏ తరగతిలోనైనా ఉంటది. దానికి చాలామంది పంతుళ్లు చెప్పే జవాబు, "నోరు మూసుకుని రాసుకో. పరీక్షలో సున్నా అని రాస్తేనే మార్కు."

మిత్రులారా, ఈ పక్షం మేం రాయదలుచుకున్నది ఆ పిల్ల ప్రశ్న గురించే. సైన్సు మాటల గురించి. మేం పల్లెల్లోంచి బడికొచ్చి, మా ఇళ్లలో మొదటి డిగ్రీలు తెచ్చుకుని, మళ్లీ పల్లె పిల్లలకే పాఠాలు చెప్పుకుంటున్న పంతుళ్లం. భూమి గురించి, కూలి గురించి, దాడుల గురించి రాయాల్సిన పేజీల్లో ఈ పదాల గొడవేంటని కొందరు అనుకోవచ్చు. మాటకి అర్థం ఎవరు చెబుతారు అనేది కూడా భూమి తగాదా లాంటిదే. సర్వే రాళ్లు ఎవరు పాతారో వాళ్లదే హద్దు.

ముందు ఆ పిల్లకి జవాబు చెప్పాలి. జవాబు ఉంది కాబట్టి. ఇరవై కిలోల మట్టి తట్టని నేల మీంచి నెత్తి దాకా, అంటే మీటరున్నర ఎత్తుకి లేపితే సైన్సు లెక్కలో అయిన పని సుమారు 300 జౌళ్లు. వంద గ్రాముల వస్తువుని ఒక మీటరు ఎత్తు లేపితే దాదాపు ఒక జౌలు, అది గుర్తుంచుకుంటే చాలు. రోజుకి 200 తట్టలు ఎత్తిందనుకోండి. 60,000 జౌళ్లు. దీన్ని తిండి లెక్కలోకి మారిస్తే పద్నాలుగు కిలో కేలరీలు. చిన్న ముద్ద అన్నంలో ఉండేది అంతే! సైన్సు పుస్తకం లెక్క ప్రకారం రెండు వందల తట్టలు ఎత్తిన ఆడమనిషికి ఆ పూటకి ఒక్క ముద్ద చాలు. కూలి ఎగ్గొట్టాలని చూసే ఆసామికి ఇంతకంటే మంచి లెక్క దొరకదు.

అయితే మిగతా తిండి ఎటు పోయింది? వంగిన ప్రతిసారీ తట్టనే కాదు, తన ఒంటి బరువుని కూడా పైకి లేపుకుంది. కండ నాలుగు పాళ్లు ఖర్చు పెడితే బయటికి పనిగా వచ్చేది ఇంచుమించు ఒక పాలు. మిగతా మూడు పాళ్లూ వేడి. ఆ వేడిని చల్లార్చుకోటానికే చెమట. బరువుతో కదలకుండా నిలబడ్డప్పుడు కూడా కండలోని పోగులు క్షణక్షణం బిగుసుకుంటూ సడలుతూ ఉంటాయి, శక్తి కరుగుతూనే ఉంటది. తట్ట కదల్లేదు కాబట్టి తట్టకి ఏమీ అందలేదు. మనిషికి మాత్రం కరిగిపోయింది. సైన్సు 'పని' అన్నప్పుడు తట్టకి అందిందే లెక్కేస్తది. మనం 'పని' అన్నప్పుడు మనిషి దగ్గర తరిగిందాన్ని లెక్కేస్తాం. రెండూ నిజమే. సైన్సుకి ఆ ఇరుకు అర్థం అవసరం కూడా. అది లేకపోతే ఆనకట్ట మీంచి పడే నీళ్లలో ఎంత కరెంటు ఉందో లెక్క కట్టలేం. కానీ పంతులు ఒక మాట చెప్పి తీరాలి. "ఇది లెక్క కోసం తీసుకున్న అర్థం, మీ అమ్మ చెమట మీద ఇచ్చిన తీర్పు కాదు" అని. ఆ ఒక్క మాట చెబితే పిల్ల సైన్సు వైపు నిలబడుద్ది. చెప్పకపోతే సైన్సు తన ఇంటికి శత్రువు అనుకుంటది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పనుల్లో మట్టి పనికి రేటు కట్టేటప్పుడు లిఫ్ట్ అని, లీడ్ అని రెండు లెక్కలు ఉండేవి. లిఫ్ట్ అంటే మట్టిని ఎంత ఎత్తుకి మోశారు, లీడ్ అంటే ఎంత దూరం మోశారు. ఫిజిక్సు పుస్తకం లిఫ్టునే ఒప్పుకుంది, లీడుని సున్నా చేసింది. ఇంజనీరు ఎస్టిమేటు రెండూ ఒప్పుకుంది. మేటీలుగా చేసిన మన కుర్రోళ్లకి ఈ రెండు మాటలూ నోటికొచ్చు. కొలతల దగ్గర నిలదీసింది ఆ మాటలతోనే. తొమ్మిదో తరగతి పాఠాన్ని ఈ లిఫ్టు, లీడుల దగ్గర మొదలుపెడితే సూత్రం ఎంత తేలిగ్గా ఎక్కుద్దో ఒకసారి మీ ఊరి పిల్లల దగ్గర చెప్పి చూడండి.

ఇక మాటల సంగతికొద్దాం.

వేడి ఒకచోట నించి ఇంకోచోటకి మూడు రకాలుగా పోద్ది. పొయ్యిలో పెట్టిన ఇనప చువ్వ రెండో కొస కాలటం ఒకటి. ఎసట్లో నీళ్లు కిందా మీదా తిరిగి కాగటం రెండోది. ఎండ, మంట సెగ దూరాన్నించే తగలటం మూడోది. ఈ మూడూ తెలియని ఆడపిల్ల మన పల్లెలో లేదు. పుస్తకంలో వీటి పేర్లు ఉష్ణవహనం, ఉష్ణసంవహనం, ఉష్ణవికిరణం. పరీక్షలో పిల్ల వహనానికి సంవహనం రాస్తది, సంవహనానికి వికిరణం రాస్తది. తప్పింది వేడి గురించి కాదు, సంస్కృత ఉపసర్గల గురించి. మార్కు పోయింది మాత్రం సైన్సులో. "ఈ పల్లె పిల్లలకి సైన్సు ఎక్కదండీ" అని స్టాఫు రూములో తీర్మానం కూడా అయిపోద్ది.

కిరణజన్య సంయోగక్రియ! ఎనిమిదేళ్లు తెలుగు చదివిన పిల్లకాయ నోరు తిరగటానికే ఒక వారం. అసలు సంగతి ఏంటి? ఆకు ఎండని పొయ్యి చేసుకుని, నీళ్లూ గాల్లోని కార్బన్ డయాక్సైడూ కలిపి చక్కెర వండుకుంటది. ఆకు వంట. ఆకు వంట అని చెప్పి, తర్వాత పెద్ద పేరు చెబితే ఆ పేరు కూడా అర్థమవుద్ది. పుస్తకం పెద్ద పేరుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోద్ది.

"శాస్త్రానికి కచ్చితమైన మాటలు కావాలి, వాడుక మాటలు పనికిరావు" అని పండితులు అంటారు. మరి ఇంగ్లీషు వాళ్లు ఏం చేశారు? వర్క్, పవర్, ఫోర్స్, ఫుడ్ చెయిన్, గ్రీన్‌హౌస్ ఇవన్నీ వాళ్ల కూలీలూ తోటమాలులూ వాడుకునే మాటలే. వెలుగుని కూడా బయటికి పోనివ్వని దానికి వాళ్లు బ్లాక్ హోల్ అని పేరు పెట్టుకున్నారు. నల్ల బొక్క, అంతే! మనకొచ్చేసరికి అది కృష్ణబిలం అయింది. కచ్చితత్వం వచ్చేది నిర్వచనంలోంచి. మాట సంస్కృతమైనంత మాత్రాన కచ్చితం కాదు. ఆ మాటకొస్తే మన పుస్తకాల్లోనూ నాలుగు మంచి మాటలు బతికున్నాయి. వడి, కప్పి, తోకచుక్క, పాలపుంత. పుంత అంటే గోదావరి జిల్లాల్లో చేల మధ్య బండ్లు పోయే దారి. ఆకాశంలో పాలు ఒలికిన బండ్ల బాట! వీటిని వాడితే శాస్త్రం మైలపడలేదు గదా? మిగతావి ఎందుకు రాలేదు?

ఎందుకంటే పేర్లు పెట్టే బల్ల దగ్గర మనం లేం. గిడుగు రామమూర్తి గారు గ్రాంథికాన్ని ఎదిరించి పోరాడారు. సవర భాష నేర్చుకుని సవర పిల్లలకి వాచకాలు రాసిన మనిషి ఆయన. ఆయన్ని మేం తక్కువ చేయం. కానీ ఆ ఉద్యమం చివరికి గెలిపించింది శిష్టుల వాడుకనే. నాలుగు కోస్తా జిల్లాల్లో చదువుకున్న పై కులాల ఇళ్లల్లో మాట్లాడేది 'తెలుగు' అయింది, మిగతాదంతా 'యాస' అయింది. సైన్సు మాటల్లో ఆ మాత్రం గెలుపు కూడా లేదు. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. కాలేజీ పుస్తకాలు తెలుగులో తేవటం పెద్ద పనే. అవి లేకపోతే మాలో కొందరు డిగ్రీ దాటేవాళ్లం కాదు, ఆ రుణం ఒప్పుకుంటాం. అయినా దాని పారిభాషిక పదాలు ఎక్కువ భాగం సంస్కృతం అచ్చులో పోసినవే. అంతకుముందే, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది. ఊరూరా తిరిగి రైతుల నోటి మాటలు ఏరిన వ్యవసాయ పదకోశం అది. తర్వాత చేనేత మీద ఇంకోటి వచ్చింది. మట్టి రకాలకి, వానలకి, చీడలకి, పనిముట్లకి వందల మాటలు అందులో ఉన్నాయి. వాటిలో ఎన్ని మన పిల్లల సైన్సు పుస్తకంలోకి దిగాయి? పంతుళ్లారా, పుస్తకం ముందర పెట్టుకుని మీరే లెక్కేయండి.

ఆకాశం సంగతి చూడండి. పుస్తకంలో సప్తర్షి మండలం. ఏడుగురు ఋషులు పైన కూర్చున్నారు, అరుంధతితో సహా! మన ముసలోళ్లకి అవి మంచపుకోళ్లు. నాలుగు చుక్కలు కోళ్లు, మూడు చుక్కలు పక్కకి సాగుతాయి. కృత్తికలు మనకి పిల్లలకోడి. ఓరియన్ నడుం మీద వరసగా ఉండే మూడు చుక్కలు గొర్రుకొయ్యలు. విత్తనం వేసే గొర్రుని ఆకాశంలో చూసినవాడు చేలో పనిచేసినవాడే అయ్యుంటాడు. ఆ పేరు వెనక ఒక లెక్క ఉంది. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో, అంటే జూన్ నెలలో, సూర్యుడు ఆ చుక్కలున్న వైపే ఉంటాడు. అందుకని గొర్రుకొయ్యలు రాత్రిపూట కనబడవు. చుక్కల గొర్రు ఆకాశంలో మాయమైన రోజుల్లోనే కొయ్య గొర్రు మెట్ట చేలో దిగుద్ది. కార్తె అంటేనే అది. సూర్యుడు ఏ చుక్కల గుంపు దగ్గరున్నాడో ఆ పేరు. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని పాఠం చెప్పటానికి దీనికంటే దగ్గరి దారి ఏముంది? పిల్లకాయకి సగం పాఠం ఇంట్లోనే వచ్చు. బడి ఆ సగాన్ని చెరిపేసి మొదట్నుంచి మొదలుపెడుద్ది.

మా తాతలకి అన్నీ తెలుసని మేం అనటంలేదు. 'అన్నీ వేదాల్లోనే ఉన్నాయి' అనేవాళ్ల దారి మనకొద్దు. వేగుచుక్కా సాయంత్రం పడమర మెరిసే చుక్కా ఒకటేనని, అది చుక్క కాదు శుక్రగ్రహమని చెప్పాల్సింది సైన్సే. చెప్పాలి కూడా. అసలు తెలుగు సైన్సులో అన్నిటికంటే చిక్కుముడి మాట ఆ 'గ్రహం'. బడిలో గ్రహాలు ఎనిమిది. ప్లూటోని 2006లో తీసేశారు. గుళ్లో గ్రహాలు తొమ్మిది. ఆ తొమ్మిదిలో సూర్యుడున్నాడు, నక్షత్రం. చంద్రుడున్నాడు, ఉపగ్రహం. రాహుకేతువులున్నాయి, వస్తువులే కావు. మనం నిలబడ్డ భూమి మాత్రం లేదు! ఒకే మాటతో పిల్లకి రెండు లోకాలు. శని సూర్యుడి చుట్టూ తిరగటానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు పడుద్ది. దాన్ని పన్నెండు రాసులకి పంచితే ఒక్కో రాసికి రెండున్నర ఏళ్లు. మూడు రాసులకి ఏడున్నర. ఏలినాటి శని అని భయపెట్టి దానాలు పట్టేది ఈ మామూలు భాగారాన్ని అడ్డం పెట్టుకునే. ఈ లెక్క బోర్డు మీద ఒకసారి వేసి చూపిస్తే శనివారం భయం సగం పోద్ది.

గ్రహణం పాఠంలో ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయ అని వస్తాయి. చిక్కటి నీడ, పల్చటి నీడ అంటే ఏమైంది? మేం మాత్రం నీడ అనే చెబుతాం. మన పిల్లకాయలకి నీడ గురించి ఇంకొకరు చెప్పక్కర్లేదు గదా. పీష్వాల పూనాలో మనవాళ్ల నీడ పడితే మైల అని పొద్దెక్కే దాకా, పొద్దువాలాక ఊళ్లోకి రానిచ్చేవాళ్లు కాదు. పొద్దున, సాయంత్రం నీడలు పొడుగు కాబట్టి! కులానికి కూడా నీడల జ్యామితి తెలుసన్నమాట. భూమి నీడ చంద్రుడి మీద పడితే ఈనాటికీ గుళ్లు మూస్తున్నారు, విడిచాక కడుగుతున్నారు. 2025 సెప్టెంబరు 7న సంపూర్ణ చంద్రగ్రహణం దేశమంతా కనబడింది. ఎన్ని పల్లెల్లో చూలు ఆడవాళ్లని గదిలో పెట్టి తలుపేశారో మీకే తెలుసు. నీడ పడితే ఏదీ మైలపడదు, చంద్రుడైనా మనిషైనా. ఈ ఒక్క పాఠంలో సైన్సూ ఉంది, బాబాసాహెబూ ఉన్నాడు.

చుక్కల సైన్సులో పేరున్న ఒక మనిషిని మన పిల్లలకి తప్పకుండా చెప్పాలి. మేఘనాద్ సాహా. 1893లో ఢాకా దగ్గర పల్లెలో చిన్న కొట్టు నడుపుకునే ఇంట్లో పుట్టాడు. తక్కువ కులమని కలకత్తా హాస్టల్లో తోటి పిల్లలు ఆయనతో కలిసి తినలేదు. ఆ మనిషి 1920లో ఇచ్చిన సమీకరణంతోనే నక్షత్రం వెలుగుని చూసి దాని వేడి ఎంతో, అందులో ఏముందో చెప్పటానికి దారి దొరికింది. అన్నీ వేదాల్లో ఉన్నాయనే వాదాన్ని ఎదిరించి రాశాడు. 1952లో పంచాంగాల సంస్కరణ కమిటీకి అధ్యక్షుడయ్యాడు. దామోదర్ వరదల మీద, నదుల మీద, కరెంటు మీద ఏళ్ల తరబడి రాశాడు. ఆ దామోదర్ లోయ పథకాన్ని ప్రభుత్వంలో ఉండి ముందుకు నడిపిందెవరు? 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్. నీటిపారుదల, కరెంటు ఆయన కిందే ఉండేవి. దేశానికి కరెంటు ప్రణాళిక వేయటానికి కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు వచ్చింది 1944లో, ఆయన హయాంలోనే. ఇది మన సభల్లో ఎంతమంది చెబుతున్నాం? రాజ్యాంగం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తాం.

కరెంటు అన్నాం కాబట్టి ఒక మాట నిర్వచనం చూడండి. 'విద్యుదీకరణ జరిగిన గ్రామం.' 1997 దాకా దీనికి సర్కారు చెప్పిన అర్థం ఏమిటంటే, ఆ గ్రామం రెవెన్యూ హద్దులో ఎక్కడైనా, దేనికైనా కరెంటు వాడితే చాలు. ఆసామి మెట్ట చేలో ఒక్క మోటారు తిరిగితే ఆ ఊరికి కరెంటు వచ్చేసినట్టే! పల్లెలో బుడ్డి దీపాల కింద చదువుకుంటున్న పిల్లకాయలు కూడా లెక్కలో కరెంటు ఉన్న ఊరివాళ్లే. 1997లో మార్చి, జనం ఉండే చోట వాడాలన్నారు. 2004లో వచ్చిన అర్థంలో మొదటిసారి దళితవాడ పేరు చేరింది. ఊళ్లోనే కాదు దళితవాడలో కూడా ట్రాన్స్‌ఫార్మరూ లైనూ ఉండాలి, బడికీ పంచాయతీకీ ఆరోగ్య కేంద్రానికీ కరెంటు ఉండాలి, పదో వంతు ఇళ్లకన్నా అందాలి. అందులోనూ పదో వంతే! ఒక మాట అర్థంలోకి దళితవాడ ఎక్కటానికి స్వతంత్రం వచ్చాక 57 ఏళ్లు పట్టింది. పదాల గొడవ మనకెందుకు అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

ఇప్పుడు కొత్త మాట వచ్చింది. పునరుత్పాదక శక్తి. తరగని శక్తి అనొచ్చు. ఎండ, గాలి తరగవు నిజమే. బొగ్గు తరుగుద్ది. దాన్ని రాక్షసి బొగ్గు అనేవాళ్లు. భూమి అడుగున చెమటోడ్చేది మనవాళ్లు, పేరు రాక్షసులది! సోలారు మంచిదే, మేం కాదనం. ఎండ తరగదు గానీ పలకలు పరిచే నేల తరుగుద్ది. బంజరు అని రికార్డులో రాసిన నేలంతా ఎవరూ లేని నేల కాదు. అక్కడ గొర్రెలు మేస్తాయి, కంప కొట్టుకుంటారు, డీకే పట్టాలుంటాయి, పట్టా లేకుండా రెండు తరాలు దున్నినవాళ్లుంటారు. 1977 చట్టం ఒకటి ఉంది, అసైన్డ్ భూమి చేతులు మారకూడదని. 'వేస్ట్ ల్యాండ్' అనే మాటకి పర్యావరణ పాఠంలో ఏం రాశారో మీ పిల్లల చేత చదివించుకుని వినండి.

జీవావరణ శాస్త్రంలో ఇంకో రెండు మాటలు చెప్పి ఊరుకుంటాం. చచ్చినదాన్ని చివికించి మళ్లీ మట్టిలో కలిపే సూక్ష్మజీవుల్నీ బూజునీ పుస్తకం విచ్ఛిన్నకారులు అంటది. పేపర్లో మన సంఘాల్ని విచ్ఛిన్నకర శక్తులు అంటారు. పిల్లకాయ ఏమనుకోవాలి? అవి లేకపోతే భూమి శవాల దిబ్బ అయిపోద్ది. పెంటదిబ్బ చివకటం చూసిన పిల్లకి 'చివికించేవి' అంటే చాలు.

రెండోది, స్కావెంజర్. ఇంగ్లీషు మీడియం పుస్తకంలో రాబందు స్కావెంజర్. 1993 చట్టంలో, 2013 చట్టంలో మన మనిషి మాన్యువల్ స్కావెంజర్. ఒకే మాట! రాబందుల కథ మన పిల్లలకి ఎవరైనా సరిగ్గా చెప్పారా? పశువులకి నొప్పి తగ్గటానికి డైక్లోఫెనాక్ అనే మందు ఇచ్చేవాళ్లు. ఆ పశువు చచ్చాక కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు చెడి చచ్చాయి. 1990ల నుంచి మూడు జాతుల రాబందులు నూటికి తొంభై ఐదు పైగా పోయాయి. కారణం ఈ మందేనని 2004లో తేలింది, 2006లో మన దేశంలో పశువులకి వాడటం నిషేధించారు. పశువు చస్తే మోసుకుపోయి, తోలు ఒలిచి, తంగేడు చెక్కా కరక్కాయా వేసి లందలో ఊరబెట్టిన మాదిగలకి ఆ కళేబరం చుట్టూ ఏయే జీవాలు బతుకుతాయో తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అది చదువు. కానీ ఆ చదువున్నవాణ్ణే అంటరానివాడన్నారు. తోలుని కుళ్లకుండా ఆపే టానిన్ రసాయనం పాఠమైంది, లంద దగ్గర కూర్చున్న మనిషి పాఠం కాలేదు.

ఇక్కడ జాగ్రత్త కూడా కావాలి. ప్రకృతిలో ఒక్కో ప్రాణికి ఒక్కో చోటు ఉన్నట్టే కులాలు కూడా ఒక్కో వనరుని పంచుకుని బతికాయని, 1983లో మాధవ్ గాడ్గిల్, కె.సి. మల్హోత్రా ఒక వ్యాసం రాశారు. గాడ్గిల్ పడమటి కనుమల కోసం నిలబడ్డ మనిషి, ఆ గౌరవం ఉంది. కానీ గద్దనీ కప్పనీ ఎవరూ ఊరవతల పెట్టలేదు. కప్పకి నీళ్ల బావి ఎవరూ మూయలేదు. ఆహారపు గొలుసుని కులానికి పోల్చి చెప్పే పంతులు ఎవరైనా ఉంటే, పిల్లల ముందే ఆపండి.

చివరికి మనవాళ్లలోంచే వచ్చే ప్రశ్న. "ఇంగ్లీషే మన దారి గదా, తెలుగు మాటలు బాగుచేసుకుంటూ కూర్చుంటామా?" ఇంగ్లీషు మనక్కావాలి. అందులో మాకు రెండో మాట లేదు. తమ పిల్లల్ని కాన్వెంటుకి పంపి మన పిల్లలకి మాతృభాష గొప్పతనం చెప్పేవాళ్లని మేం నమ్మం. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం తప్పనిసరి చేస్తూ జీవో ఇచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు ఎవరు ఏ వైపు మాట్లాడారో అందరం చూశాం. ఆ ఏడాది నుంచే ఆంధ్రలో, 2022 నుంచి తెలంగాణలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలొచ్చాయి. మంచిదే. కానీ ఎడం పేజీలో కిరణజన్య సంయోగక్రియ, కుడి పేజీలో ఫోటోసింథసిస్. రెండూ పిల్లకి పరాయివే! ఒక కొత్త మాటని ఇంకో కొత్త మాటతో చెబుతున్నారు. మధ్యలో ఆకు వంట ఉండాలి. దాని మీద కాలు పెట్టి ఫోటోసింథసిస్‌కి ఎక్కొచ్చు, నేరుగా. సంస్కృతం మెట్టు మనకి అక్కర్లేదు. ఇంగ్లీషు మాట ఎలాగూ నేర్చుకోవాల్సిందే అయినప్పుడు పిల్ల నెత్తిన మూడు భాషల బరువెందుకు?

హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న మనల్ని వదిలిపోయిన రోహిత్ వేముల, కార్ల్ సాగన్ లాగా సైన్సు రచయిత కావాలనుకున్నానని తన ఆఖరి ఉత్తరంలో రాసుకున్నాడు. పల్లెల్లో, హాస్టళ్లలో ఆ కోరికతో ఉన్న పిల్లకాయలు ఇప్పుడు కూడా ఉన్నారు. వాళ్లు ఎనిమిదో తరగతిలో వహనం, సంవహనం దగ్గర పడిపోకూడదు.

అందుకని సంఘాలకి, పంతుళ్లకి మా విన్నపం. స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లే మనవాళ్లు, పిల్ల సంగతి సరిగ్గా రాసి పేరు తన మాటలో పెడితే మార్కు కొట్టేయొద్దని అక్కడ గట్టిగా అడగండి. పుస్తకాలు రాసే కమిటీల్లో పల్లె పంతుళ్లు, కూలి చేసే అమ్మలు కూర్చోవాలని రాసి పంపండి. పల్లె బడుల్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. మట్టి రకాల పేర్లు, వాన రకాల పేర్లు, గాలుల పేర్లు, తోలు పనిలో ప్రతి దశకీ ఉన్న పేరు, చెరువులో చేపలకీ గడ్డికీ ఉన్న పేర్లు, పొయ్యి కింద ఏ కట్టె ఎంతసేపు మండుద్దో చెప్పే మాటలు, ఎవరు చెప్పారో వాళ్ల పేరుతో సహా రాయండి. పత్రికకి పంపితే వరసగా వేస్తాం.

డిసెంబరులో వచ్చే అమావాస్య రాత్రి మా బడి వెనక బీట్లో చుక్కలు చూస్తున్నాం. పొద్దుగూకిన రెండు గంటలకి పిల్లలకోడి బాగా పైకొచ్చి ఉంటది, గొర్రుకొయ్యలు తూర్పున లేస్తాయి. ముసలోళ్లని తీసుకురండి. టార్చి లైటు తెచ్చేవాళ్లు దానికి ఎర్ర కాగితం చుట్టండి, కళ్లు చెదరకుండా ఉంటది. మంచు పడుద్ది, దుప్పట్లు మర్చిపోవద్దు.